పాత స్విచ్ చాలా, కొత్త హ్యాండ్‌హెల్డ్ కొనాలా: తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం లెక్కలు

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్, పాత నింటెండో స్విచ్, మీ దగ్గర ఉంది. అది 2017 మోడలో, 2019లో వచ్చిన లైటో, 2021 ఓఎల్ఈడీనో కావచ్చు. ఇప్పుడు స్విచ్ 2 తీసుకోవాలా, పీసీ గేములు ఆడించే స్టీమ్ డెక్‌కు మారాలా, ఆర్ఓజీ ఎక్స్‌బాక్స్ అలై లాంటి విండోస్ మెషీన్ కొనాలా అన్నది ప్రశ్న. వీడియోల్లో పోలికలు ఎక్కువగా సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తాయన్నదాని చుట్టూనే తిరుగుతాయి. తిరుపతిలో ఉండి కొనేవాళ్లకు అంతకన్నా ముందు తేలాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. ఇన్నాళ్లూ కొన్న గేములు ఏ ఖాతాలో ఉన్నాయి, చెడిపోతే ఎక్కడికి తీసుకుపోవాలి, మే నెల ఎండలోనూ సికింద్రాబాద్ రైల్లోనూ అది ఎంతసేపు నిలబడుతుంది అన్నవి.

గేముల సంగతే ముందు చూద్దాం, ఎందుకంటే సగం మందికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. స్విచ్ కార్ట్రిడ్జులు పది, పదిహేను ఉంటే అవి దాదాపు అన్నీ స్విచ్ 2లో ఆడతాయి. స్టీమ్ డెక్ కొంటే వాటిలో ఒక్కటీ పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి కొనుక్కోవాలి. అదే మీకు ఇప్పటికే స్టీమ్ (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ఖాతా ఉండి, సేల్‌లో కొని ఆడకుండా వదిలేసిన గేములు ముప్పై ఉన్నాయనుకోండి, డెక్ కొన్న రోజునే ఆ ముప్పైలో చాలావరకు చేతిలోకి వచ్చేస్తాయి. స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, పండుగ సేళ్లలో బాగా దిగుతాయి. నింటెండో ఆన్‌లైన్ దుకాణమైన ఈషాప్‌లో ఇండియా ప్రాంతమే లేదు. ఖాతాను అమెరికాకో మరో దేశానికో పెట్టుకుని, ఆ దేశపు గిఫ్ట్ కార్డు కోడ్ కొనుక్కుని గేము తీసుకోవాలి. కోడ్ ఏ దేశానిదో ఖాతా కూడా ఆ దేశానిదే అయ్యుండాలి, లేకపోతే కోడ్ ఎక్కదు. అందుకే ఇక్కడ స్విచ్ వాడేవాళ్లకు కార్ట్రిడ్జే మేలు. ప్రాంతం పట్టింపు లేదు, ఆడేశాక అమ్ముకోవచ్చు.

ఫోన్లో బీజీఎంఐ మాత్రమే ఆడేవాళ్లు ఈ మూడింటిలో ఏదీ కొనక్కర్లేదు. ఫోన్‌కు తగిలించే కూలర్ ఫ్యాన్ ఒకటి కొనుక్కుంటే చాలు.

స్విచ్ 2: వచ్చేదేంటి, పోయేదేంటి

2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 స్క్రీన్ 7.9 అంగుళాలు. 1080పి, 120 హెర్ట్జ్, లోపల 256 జీబీ స్టోరేజీ, టీవీకి పెడితే 4కే దాకా వెళ్తుంది. 2017 స్విచ్‌లో 6.2 అంగుళాల 720పి స్క్రీన్, 32 జీబీ మాత్రమే ఉండేవి కాబట్టి ఆ మోడల్ నుంచి వచ్చేవాళ్లకు ఇది పెద్ద మార్పే. లైట్ వాడేవాళ్లకు ఇంకా పెద్దది, ఎందుకంటే లైట్‌ను టీవీకి కలపడమే కుదరదు.

ఓఎల్ఈడీ స్విచ్ ఉన్నవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. స్విచ్ 2ది ఎల్‌సీడీ ప్యానెల్. రాత్రి లైట్లు ఆర్పి చీకటి గుహల గేము ఆడితే ఓఎల్ఈడీలో నలుపు నల్లగానే కనిపిస్తుంది, ఇక్కడ బూడిద రంగు తేలుతుంది. బ్యాటరీలోనూ వెనకడుగే. నింటెండో చెప్పిన లెక్క ప్రకారం ఓఎల్ఈడీ మోడల్ 4.5 నుంచి 9 గంటలు వస్తే, స్విచ్ 2 వచ్చేది 2 నుంచి 6.5 గంటలు. బరువు కంట్రోలర్లతో కలిపి సుమారు 420 గ్రాముల నుంచి 534కు పెరిగింది. పడుకుని మొహం మీద పట్టుకుని ఆడేవాళ్లకు ఆ తేడా మణికట్టు దగ్గర తెలుస్తుంది.

ఖర్చులో చాలామంది మర్చిపోయేది మెమొరీ కార్డు. స్విచ్ 2 గేములను మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ కార్డులోనే పెట్టుకోనిస్తుంది. పాత స్విచ్‌లోని మామూలు మైక్రోఎస్డీ కార్డు పెడితే అందులోని ఫొటోలు, వీడియోలు కాపీ చేసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఎక్స్‌ప్రెస్ కార్డులు మామూలు వాటికంటే బాగా ఖరీదు. పైగా స్విచ్ 2కు వచ్చే కొన్ని కార్ట్రిడ్జులు గేమ్-కీ కార్డులు. వాటిలో గేము ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆడేటప్పుడు కార్డు లోపల పెట్టే ఉంచాలి. అట్ట పెట్టె ముందువైపు కిందిభాగంలో ఆ గుర్తు రాసి ఉంటుంది, చూసుకుని కొనండి.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం. నింటెండోకు మన దేశంలో అధికారిక అమ్మకాలు లేవు. తిరుపతిలో దొరికినా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికినా, ఆన్‌లైన్‌లో వచ్చినా అది బయటి దేశం నుంచి తెప్పించిందే. జపాన్‌లో స్విచ్ 2ను రెండు రకాలుగా అమ్ముతున్నారు. విడుదలప్పుడు 49,980 యెన్లకు అమ్మినది జపనీస్ భాషకే పరిమితం, జపాన్ ప్రాంతపు ఖాతాతోనే పనిచేస్తుంది. అప్పట్లో 69,980 యెన్లు ఉన్నది అన్ని భాషలకూ సరిపోతుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మార్కెట్లో అందరికంటే బాగా తక్కువ ధర చెబుతున్నారంటే అది మొదటి రకమేమోనని అనుమానించాలి. దుకాణంలోనే ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో భాషల జాబితా తెరిచి ఇంగ్లిష్ ఎంచుకునే వీలుందో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి. తర్వాత మార్చుకోవచ్చులే అనుకోవద్దు, ఆ తాళం సెట్టింగ్స్‌తో తీసేది కాదు.

సెకండ్ హ్యాండ్‌ది అయితే ఇంకో పరీక్ష కూడా పెట్టాలి. ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి ఈషాప్ తెరవండి. దొంగ కార్ట్రిడ్జులు వాడినందుకు నింటెండో కొన్ని కన్సోళ్లను ఆన్‌లైన్ నుంచి శాశ్వతంగా వెలేసింది. అలాంటివి ఈషాప్ తెరవగానే ఎర్రర్ చూపిస్తాయి. కార్ట్రిడ్జు ఆడుతుంది కాబట్టి బయటికి బాగున్నట్టే కనిపిస్తుంది కానీ అప్‌డేట్లు, డౌన్‌లోడ్లు రావు, గేమ్-కీ కార్డులు ఎందుకూ పనికిరావు. ఆ తర్వాత పైనా కిందా ఉన్న రెండు యూఎస్‌బీ-సీ పోర్టుల్లోనూ ఛార్జర్ పెట్టి చూడండి, డాక్‌లో (టీవీకి కలిపే స్టాండులో) కూర్చోబెట్టి టీవీలో బొమ్మ రప్పించండి. పెట్టెలో 60 వాట్ల ఒరిజినల్ అడాప్టరు ఉండి తీరాలి. పాత స్విచ్ అడాప్టరు 39 వాట్లే, దాంతో ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ డాక్ టీవీకి బొమ్మ పంపదు. అడాప్టరు మీద 100-240 వోల్టులని రాసి ఉంటుంది కాబట్టి మన కరెంటుకు సరిపోతుంది, పిన్ను మార్చే కన్వర్టరు ఒక్కటి చాలు.

స్టీమ్ డెక్, విండోస్ మెషీన్లు

స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ 2023 నవంబరులో వచ్చింది. 7.4 అంగుళాల 90 హెర్ట్జ్ స్క్రీన్, 1280x800 రిజల్యూషన్, 640 గ్రాములు. ఇదీ మన దేశంలో అధికారికంగా అమ్మరు. అయినా స్విచ్ 2 కంటే ఒక విషయంలో ధైర్యం ఎక్కువ. దీన్ని విప్పడం తేలిక, వెనక ఎనిమిది స్క్రూలే. విడిభాగాలు, బొమ్మలతో వివరాలు బయట దొరుకుతాయి. స్టోరేజీ పెంచుకోవాలంటే 2230 సైజు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ తెచ్చుకుని ఎవరికి వారే మార్చుకోవచ్చు. ఒక్కటి మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి: విప్పేముందు మైక్రోఎస్డీ కార్డు బయటకు తీయాలి. స్లాటులోనే ఉంచి వెనక మూత లాగితే కార్డు రెండు ముక్కలవుతుంది, డెక్ విప్పేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

డెక్ లైనక్స్ మీద నడుస్తుంది. ఒంటరిగా ఆడే గేముల్లో ఎక్కువ భాగానికి దీంతో ఇబ్బంది లేదు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటి వాటిలో యాంటీ-చీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రాము) లైనక్స్‌ను ఒప్పుకోదు, అవి ఆడవు. స్నేహితులతో అవే ఆడుతున్నవాళ్లు డెక్ వైపు చూడకండి.

వాళ్లకు పనికొచ్చేవి విండోస్ మెషీన్లు. అసుస్ 2025 అక్టోబరు 16న ఎక్స్‌బాక్స్‌తో కలిసి రెండు తెచ్చింది. మామూలు అలైలో 60 వాట్-అవర్ల బ్యాటరీ, 16 జీబీ ర్యామ్, 512 జీబీ. అలై ఎక్స్‌లో 80 వాట్-అవర్లు, 24 జీబీ, 1 టీబీ. మన దగ్గర వచ్చినప్పటి ధరలు 69,990, 1,14,990. ఇవి ఇండియా బిల్లుతో, ఇండియా వారంటీతో వస్తాయి. తిరుపతి లాంటి ఊళ్లో దీని విలువ తక్కువేం కాదు. కానీ వారంటీ ఉన్నంత మాత్రాన పని అయిపోదు. కొనేముందు కంపెనీ సైటులో మీ పిన్‌కోడ్, అంటే 517501 గానీ 517001 గానీ, కొట్టి సర్వీసు సెంటరు ఊళ్లో ఉందా, ఇంటికొచ్చి తీసుకెళ్తారా, చెన్నైకి మనమే మోసుకుపోవాలా తేల్చుకోండి.

విండోస్‌తో వచ్చే తలనొప్పి నిద్ర. స్విచ్ గానీ డెక్ గానీ బటన్ నొక్కితే ఆగిపోతుంది, రెండోరోజు నొక్కితే అదే చోట మొదలవుతుంది. విండోస్ మెషీన్లను సంచిలో పెట్టాక వాటంతట అవే మేలుకుని వేడెక్కడం, బ్యాటరీ ఖాళీ అవ్వడం జరుగుతుంటుంది. పవర్ బటన్‌కు స్లీప్ బదులు హైబర్నేట్ (ఆటను స్టోరేజీలో దాచి మెషీన్‌ను పూర్తిగా ఆపే పద్ధతి) పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది అంతే. మొదటి ఆర్ఓజీ అలైని, అంటే 2023 మోడల్‌ని, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మెమొరీ కార్డు స్లాటు పరీక్షించకుండా తీసుకోవద్దు. స్లాటు వేడి గాలి బయటికెళ్లే చోటుకు దగ్గర్లో ఉంది, ఆ వేడికి కార్డు రీడరు పాడవుతున్నట్టు అసుసే ఒప్పుకుంది. అరగంట బరువైన గేము ఆడించి, ఆ తర్వాత కార్డు నుంచి ఒక పెద్ద ఫైలు కాపీ చేసి చూడండి.

బ్యాటరీని గంటల్లోకి మార్చడం

కంపెనీ ఇచ్చే గంటలను నమ్మే బదులు భాగహారం చేసుకోండి. బ్యాటరీ వాట్-అవర్లను మొత్తం ఖర్చయ్యే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. మొత్తం ఖర్చంటే ప్రాసెసరుకు మీరు పెట్టిన వాట్ల పరిమితికి స్క్రీనూ, వైఫై, ఫ్యాను కలిపి మరో ఏడెనిమిది వాట్లు. డెక్ ఓఎల్ఈడీ బ్యాటరీ 50 వాట్-అవర్లు. ప్రాసెసరును 15 వాట్ల వద్ద వదిలేస్తే మొత్తం 23 దాకా లాగుతుంది, రెండు గంటల పైచిలుకు వస్తుంది. పరిమితిని 8కి దించి, ఫ్రేములను 40కి కట్టేస్తే మొత్తం 15, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. అలై ఎక్స్‌ను 17 వాట్ల మోడ్‌లో పెడితే 80ని 25తో భాగించండి, మూడు గంటల పైన వస్తుంది. డెక్‌లో కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కితే ఈ పరిమితి మార్చుకునే జాబితా వస్తుంది. ఒక్కో గేముకు ఒక్కో ప్రొఫైలు పెట్టుకోవచ్చు కూడా. కొన్న మొదటి వారమే అలవాటు చేసుకోవాల్సిన పని ఇది.

దీన్ని మన ప్రయాణాలకు అన్వయిస్తే, సప్తగిరిలో చెన్నైకి మూడున్నర గంటలు. ఆ ప్రయాణానికి ఏదైనా కాస్త తగ్గించి వాడితే సరిపోతుంది. సికింద్రాబాద్ వందే భారత్‌లో ఎనిమిది గంటల పైన పట్టినా సీటు దగ్గరే సాకెట్ ఉంటుంది. ఇబ్బందల్లా నారాయణాద్రి లాంటి రాత్రి రైళ్లతోనే. రాత్రి 11 నుంచి తెల్లవారి 5 వరకు ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపే పద్ధతి రైల్వేలో ఉంది, పైగా స్లీపర్‌లో సాకెట్ కోసం నలుగురు పోటీ. అక్కడ పవర్ బ్యాంకే దిక్కు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది పోగా చేతికి అరవై పైచిలుకు అందుతాయి. స్విచ్ 2 బ్యాటరీ 20 వాట్-అవర్ల దగ్గర ఉంటుంది కాబట్టి అది దాదాపు మూడుసార్లు నిండుతుంది. డెక్‌కు ఒకసారి, ఇంకాస్త. అలై ఎక్స్‌కు ఒక్కసారి కూడా పూర్తిగా నిండదు. పవర్ బ్యాంకు మీద ఎంఏహెచ్ ఒక్కటే చూడొద్దు, పీడీ (యూఎస్‌బీ-సీ పవర్ డెలివరీ) అవుట్‌పుట్ ఎన్ని వాట్లో చూడండి. స్విచ్ 2కు 30 వాట్లు, డెక్‌కు 45, అలైకి 65 ఉండాలి. తక్కువది తగిలిస్తే ఆడుతుండగానే శాతం దిగుతూ పోతుంది. రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్లు దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, 100 వాట్-అవర్ల లోపుదైతే అడ్డు చెప్పరు. తిరుమల వెళ్లేటప్పుడు కన్సోలును గదిలో పెట్టి రండి, దర్శనం క్యూలోకి ఫోన్‌నే కాదు, ఎలక్ట్రానిక్ వస్తువు దేన్నీ రానివ్వరు.

ఎండ

నింటెండో చెప్పిన వాడకం ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో తిరుపతిలో నీడపట్టునే 40 దాటుతుంది. అంటే ఏసీ లేని గదిలో మధ్యాహ్నం ఆడితే ఏ కన్సోలయినా తయారుచేసినవాళ్లు అనుకున్న హద్దు దాటినట్టే. ఫ్యాను గోల పెరుగుతుంది, తర్వాత ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. అసలు నష్టం బ్యాటరీకి. వేడిలో ఛార్జి చేస్తూ ఆడితే లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ముందు ఛార్జి పెట్టి, తీసి, తర్వాత ఆడండి. స్విచ్ 2లో ఛార్జింగ్‌ను 90 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది, డెక్‌లో 80 దగ్గర ఆపొచ్చు. రెండూ వేసి పెట్టుకోండి. పైభాగంలో గాలి బయటికొచ్చే సందును చేత్తో గానీ సిలికాన్ కవరుతో గానీ మూయొద్దు. బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయడం మాత్రం అస్సలు వద్దు. నవంబరు, డిసెంబరు వానల్లో ఉరుములప్పుడు డాక్ ప్లగ్గు తీసేయడం, మిగతా రోజుల్లో స్పైక్ గార్డు వాడటం చవకలో అయ్యే రక్ష.

స్టిక్ డ్రిఫ్ట్: కొత్తది కొనాలనిపించే అసలు కారణం

చాలామంది పాత స్విచ్ మీద విసిగేది బొటనవేలితో తిప్పే స్టిక్ వల్ల. ముట్టుకోకపోయినా బొమ్మ ఎడమవైపు నడుచుకుంటూ పోతుంది. స్టిక్ కింద పెట్టెలో కార్బన్ పూత వేసిన చిన్న పట్టీలు ఉంటాయి. స్టిక్ కదిలినప్పుడల్లా సన్నని లోహపు పళ్లు ఆ పూత మీద రాసుకుంటాయి. వందల గంటలు ఆడాక పూత అరుగుతుంది, నల్లటి పొడి లోపలే పేరుకుంటుంది, దానికి మన దుమ్ము తోడవుతుంది. సెట్టింగ్స్‌లో కంట్రోలర్ల విభాగంలోని స్టిక్ క్యాలిబ్రేషన్ తెరిచి, స్టిక్‌ను ఒక్కసారి తిప్పి వదిలేయండి. గుర్తు వృత్తం నడిమధ్యకు వచ్చి కదలకుండా నిలవాలి. పక్కకు తిరిగి వణుకుతుంటే డ్రిఫ్టే.

రబ్బరు అంచును పుల్లతో కొద్దిగా ఎత్తి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, స్టిక్‌ను గుండ్రంగా ముప్పై సార్లు తిప్పి, అరగంట ఆరనిస్తే కొన్ని వారాలు బాగుంటుంది. అరిగిన పూత తిరిగి రాదు కాబట్టి అది మళ్లీ మొదలవుతుంది. నిలబడే రిపేరు అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయించడమే. జాయ్‌కాన్ (స్విచ్ పక్కల ఊడదీసే కంట్రోలరు) వెనక నాలుగు వై ఆకారపు స్క్రూలు, వాటికి వై00 స్క్రూడ్రైవరు కావాలి, మామూలు స్టార్‌తో తిప్పితే తల అరిగి ఇక ఊడవు. మూతను పుస్తకం తెరిచినట్టు మెల్లగా తెరవాలి, రెండు సగాల మధ్యా కాగితమంత పల్చటి రిబ్బన్ కేబుళ్లు ఉంటాయి. ముందు బ్యాటరీ కనెక్టరు తీయాలి. స్టిక్ రిబ్బన్‌ను పట్టుకుని లాగకుండా, దాన్ని బిగించిన చిన్న రెక్కను గోరుతో పైకి లేపితే అదే వదులవుతుంది. ఆ రెక్క విరిగితే బోర్డే మార్చాలి. చెయ్యి నిలకడ లేదనుకుంటే ఫోన్ రిపేరు షాపులో మైక్రోస్కోపు పెట్టుకుని పనిచేసే కుర్రాళ్లకు ఇవ్వండి, వాళ్లకిది చిన్న పని.

ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. స్విచ్ 2 స్టిక్‌లు కూడా హాల్ ఎఫెక్ట్‌వి కావని నింటెండోనే చెప్పింది. డ్రిఫ్ట్ భయంతోనే మారుతుంటే ఆ భయం వెంటే వస్తుంది. పైగా స్విచ్ 2లో బ్యాటరీని గట్టి జిగురుతో అతికించారు, విప్పడం పాతదాని కంటే కష్టం.

ఇంట్లో పీఎస్5 ఉన్నవాళ్లకు ప్లేస్టేషన్ పోర్టల్ ఒకటుంది, ఇండియాలో అధికారికంగా 18,990కి వచ్చింది. అది తనంతట తాను గేము నడపదు, పీఎస్5 నుంచి వైఫైలో బొమ్మ తెప్పించుకుంటుంది. కనీసం 5 ఎంబీపీఎస్, హాయిగా ఆడాలంటే 15 కావాలి. మెషీన్ చిత్తూరు ఇంట్లో ఉండి మీరు తిరుపతి హాస్టల్లో ఉంటే, చిత్తూరులో అప్‌లోడ్ వేగమే లెక్క, అక్కడ కరెంటు పోతే ఇక్కడ ఆట పోతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు దీనికి కలవవు, వైరువి పెట్టుకోవాలి. టీవీ ఇంట్లోవాళ్లు చూస్తుంటే పక్క గదిలో ఆడుకోవడానికి మాత్రం చక్కగా ఉంటుంది.

ఎవరికి ఏది

2017 స్విచ్ గానీ లైట్ గానీ ఉండి, కార్ట్రిడ్జులు పోగేసినవాళ్లు, టీవీలో పిల్లలతో కలిసి ఆడేవాళ్లు స్విచ్ 2 తీసుకోండి, భాషల పరీక్ష అయ్యాకే. ఓఎల్ఈడీ స్విచ్ ఉండి ఎక్కువగా చేతిలోనే ఆడేవాళ్లు, స్విచ్ 2కు మాత్రమే వచ్చిన గేముల్లో కనీసం మూడు ఆడి తీరాలనిపించేదాకా ఆగండి, ఆలోగా హాల్ స్టిక్‌లు వేయించుకోండి. ఒంటరిగా పెద్ద కథల గేములు ఆడేవాళ్లకు, తక్కువ డబ్బుతో ఎక్కువ గేములు కావాల్సిన విద్యార్థులకు నా ఓటు డెక్ ఓఎల్ఈడీకే. ఇంటర్నెట్ 30 ఎంబీపీఎస్ ప్లాను అయితే 100 జీబీ గేము దిగడానికి ఏడున్నర గంటలు పడుతుందని మాత్రం లెక్కలో పెట్టుకోండి, 100 ఎంబీపీఎస్‌లో రెండుంపావు. యాంటీ-చీట్ ఉన్న గేములు, గేమ్ పాస్ (ఎక్స్‌బాక్స్ వారి గేముల నెలవారీ చందా), ఇండియా వారంటీ, ఈ మూడూ తప్పనిసరి అన్నవాళ్లకే అలై. అదీ ల్యాప్‌టాప్‌లో ఆ గేములు ఇప్పటికే బాగా ఆడుతుంటే కొనాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

పాతది అమ్మేముందు చేయాల్సిన పని ఒక వరసలో చేయాలి. స్విచ్‌లో సేవ్ ఫైళ్లు మెమొరీ కార్డులో ఉండవు, కన్సోలు లోపలే ఉంటాయి. కార్డు తీసి దాచుకున్నాను కదా అని ఫార్మాట్ చేస్తే ఏళ్ల ఆట పోతుంది. స్విచ్ 2 మొదటిసారి ఆన్ చేసినప్పుడు అడిగే సిస్టమ్ ట్రాన్స్‌ఫర్‌ను, రెండిటికీ ఛార్జర్లు పెట్టి, పక్కపక్కన ఉంచి, పూర్తయ్యేదాకా కదపకుండా చేయండి. మధ్యలో కరెంటు పోతే రౌటరూ ఆగుతుంది, ఇన్వర్టరు మీద ఉన్న సాకెట్ చూసుకోండి. కొత్తదాంట్లో నాలుగైదు గేములు తెరిచి సేవ్ కనిపిస్తోందో లేదో చూశాక, పాతదాని నుంచి ఖాతా తీసేసి, సిస్టమ్ సెట్టింగ్స్‌లో కిందున్న ఫార్మాటింగ్ ఆప్షన్‌లో ఇనిషియలైజ్ కన్సోల్ నొక్కండి. కొనేవాళ్లకు డాక్, అడాప్టరు, జాయ్‌కాన్ పట్టీలు అన్నీ కలిపి ఇస్తే మంచి ధర వస్తుంది. కసరత్తు గేముల కోసం పాత జాయ్‌కాన్లు అవసరమున్నవాళ్లు మాత్రం వాటిని అమ్మొద్దు. కొత్త జాయ్‌కాన్లలో ఐఆర్ కెమెరా లేదు, పాత రింగుల్లో, పట్టీల్లో అవి ఇమడవు కూడా.